ఎదురుకాళ్ళ బిడ్డ

కాళ్ళు కదలని పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకొని ఏదో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మేము అలా కూర్చున్న రోజుల్లో మాకు ఇలాంటి మాటలు చెప్పినవాళ్ళు లేరు. నేను వైద్యుణ్ణి కాను, రోడ్లూ కల్వర్టులూ కట్టించే ఓవర్సీరును. వైద్యం సంగతులు నాకు అర్థమైనంతవరకే చెప్తాను. మాకు ఏ రోజు ఏం జరిగింది, నేను ఎక్కడ పొరపాటు పడ్డాను అన్నవి మాత్రం వరుస తప్పకుండా చెప్పగలను. అప్పట్లో రోడ్ల ఎత్తుపల్లాల కొలతలు రాసే లెవెలు పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్న వివరాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

మొదటి వారం

అప్పుడు నా ఉద్యోగం రాయచోటిలో. నా భార్య రూతు తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. ఆ ఊరు ఎర్రగుంట్ల స్టేషనుకు రెండు మైళ్ళు, బండల గనుల పక్కన ఉంటుంది. ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని తంతి వచ్చింది. యుద్ధం జరుగుతున్న రోజులు. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టి నడిపేవారు. ఆ బస్సు ఎత్తు వచ్చినప్పుడల్లా ఆగిపోతే మేమందరం దిగి తోశాం. కడపలో రైలెక్కి ఎర్రగుంట్ల చేరేటప్పటికి బిడ్డ పుట్టి రెండు రోజులు దాటింది.

మా అత్త దేవమ్మ నన్ను గడపలోనే నిలబెట్టి జరిగింది చెప్పింది. నొప్పులు రెండు పగళ్ళు, రెండు రాత్రులు. ముందు కాళ్ళు వచ్చాయి. నడుము దాకా వచ్చి తల ఆగిపోయింది. మంత్రసాని హుసేన్‌బీ బిడ్డ నడుముకు గుడ్డ చుట్టి, మోకాళ్ళు నేలకు తన్నిపెట్టి లాగింది. బిడ్డ నల్లబడి పుట్టింది. వెన్ను రుద్దితే కొంతసేపటికి ఏడ్చింది. ఇదంతా చెప్పి మా అత్త చివర్లో నవ్వింది.

"ఎదురుకాళ్ళ బిడ్డ నాయనా. ఇంగ సూడు, ఊర్లో నడుము పట్టుకున్నోళ్ళంతా మన ఇంటికే వస్తారు."

మా ప్రాంతంలో ఇది అందరికీ తెలిసిన నమ్మకం. కాళ్ళు ముందుగా పుట్టినవాళ్ళు నడుము మీద మూడుసార్లు తంతే నడుము పట్టు వదులుతుందంటారు. హిందువులూ నమ్ముతారు, సాయిబులూ నమ్ముతారు, ఆదివారం గుడికి వెళ్ళే మా క్రైస్తవులూ నమ్ముతారు. అటువంటి బిడ్డ పుట్టడం ఇంటికి ఒక గౌరవం.

నాలుగో రోజు పొద్దున బండల గనిలో పనిచేసే ఓబులేసు గోడ పట్టుకొని నడుస్తూ వచ్చాడు. నడుము పట్టి వారమైందట. వరండాలో బోర్లా పడుకొని పంచె సర్దుకున్నాడు. మా అత్త బిడ్డను రెండు చేతుల్లో నిలబెట్టి పట్టుకొని పాదాలను అతని వీపుకు మూడుసార్లు తగిలించింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నవ్వుతున్నారు. పెండ్లాం తన్నినా పోని నొప్పి పాప తంతే పోతుందా అని ఒకామె అడిగింది. ఓబులేసు కూడా నవ్వాడు. కానీ లేచి కూర్చున్న తర్వాత అతని ముఖం మారింది.

"దేవమ్మత్తా, పాప తన్నల్యా. ఇరవై ఏండ్లుగా బండలు మోస్తాండా, వీపు మీద పడేది ఏందో నాకు తెల్దా? గుడ్డపీలిక ఆనించినట్టుండాది."

పాప నిద్రపోతోందని మా అత్త సర్దిచెప్పింది. పాప నిద్రపోవడం లేదు. కళ్ళు తెరిచి పైకప్పు దూలాలను చూస్తోంది. నేను లోపలికి తీసుకెళ్ళి గుడ్డలు విప్పాను. చేతులు ఆడుతున్నాయి, పిడికిళ్ళు మూసి తెరుస్తోంది. కాళ్ళు మాత్రం ఎలా పెడితే అలాగే ఉన్నాయి. కుడికాలు కొంచెం పక్కకు పడి ఉంది. దాన్ని సరిగ్గా పెట్టాను. మళ్ళీ మెల్లగా పక్కకు వాలింది.

నేను చేసిన పొరపాటు

భయం వేసినప్పుడు నేను కొలుస్తాను. చదువు నేర్పిన అలవాటు అది. చీపురుపుల్ల మొన తుంచి, మొద్దు చివరతో బిడ్డ అరికాలు మీద గీశాను. కాలు ముడుచుకుంది. మోకాలు పైకి లేచి, మళ్ళీ చాచుకుంది. ఎడమ కాలు కూడా అంతే. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు గీసి, ఎన్నిసార్లు కదిలిందో పుస్తకంలో రాశాను. మొదటి రోజు ఆరు. మూడో రోజు ఎనిమిది. అయిదో రోజు పదికి పది.

రూతు పురిటి గదిలో, చెవుల్లో దూది పెట్టుకొని, నులక మంచం మీద ఉంది. నేను పుస్తకం తీసుకెళ్ళి చూపించాను. కాళ్ళకు బలం వస్తోంది, లాగినప్పుడు కొంచెం బెణికి ఉంటుంది, నెలలో సరిపోతుంది అన్నాను. ఆమె పుస్తకం వైపు చూడలేదు.

"మీరు గీసినప్పుడే కదుల్తాండాయి. ఆకలై ఏడ్చినప్పుడు చేతులు కొట్టుకుంటాది, తల తిప్పుతాది. కాళ్ళు రావు. మీరు పుల్లతో గీస్తే ఒక్కసారన్నా ఏడ్చిందా? పాలు తాగేది కూడా ఆపదు."

ఏడవకపోవడం మంచిదేగా, నొప్పి లేదన్నమాట అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది. పదికి పది అని రాసిన కాగితం నా చేతిలో ఉంది. బిడ్డను రోజంతా ఒళ్ళో పెట్టుకున్న మనిషి మాట నా చెవికి ఎక్కలేదు. కడప ఆసుపత్రికి తీసుకెళ్దామని ఆమె రెండుసార్లు అడిగింది. పచ్చి బాలింత, ప్రయాణం వద్దని మా అత్త అంది. కాళ్ళు బాగవుతుంటే ఎందుకని నేనూ అన్నాను. అలా తొమ్మిది రోజులు పోయాయి.

పదమూడో రోజు మా అత్త ఎప్పటిలాగే కాళ్ళు చాచుకొని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోసింది. ఆ రోజు నీళ్ళు కాస్త వేడిగా ఉన్నాయి. ముందు కాళ్ళ మీద పోసింది. బిడ్డ ఏడవలేదు కాబట్టి వేడి సరిపోయిందనుకుంది. రొమ్ము మీద కొన్ని చుక్కలు పడగానే బిడ్డ కెవ్వుమంది. అప్పుడు చల్లనీళ్ళు కలిపింది. సాయంత్రానికి రెండు మడమల మీదా బొబ్బలు తేలాయి. మా అత్త వాటిని చూసి గోడకు ఆనుకొని కూలబడిపోయింది. తన చేతులతో తనే నుదురు కొట్టుకుంది. ఆమె తప్పేం లేదు. బిడ్డ ఏడుపే నీళ్ళ వేడికి కొలత అనుకొని ఆమె పదిమంది పిల్లలకు నీళ్ళు పోసింది.

బొబ్బలు చూశాక నా పుస్తకంలోని అంకెలకు అర్థం లేదని తెలిసింది. వాటికి అసలు అర్థం ఏమిటో మాత్రం తెలియలేదు. మరుసటి రోజు జ్వరంతో బిడ్డ ఒళ్ళు కాలింది. పొత్తికడుపు గట్టిగా ఉబ్బింది. పాలు తాగడం మానేసింది. మా మామ వరసైన పెద్దమనిషి ఒకాయన వచ్చి, వెన్ను మీద వాత పెడితే నరం లేస్తుందని, సూది ఎర్రగా కాల్చడానికి నిప్పు అడిగాడు. రూతు మంచం దిగింది. బిడ్డను రొమ్ముకు అదుముకొని, నా బిడ్డను ముట్టుకుంటే ఆ సూది నా చేతుల్లో ఉంటుంది అని చెప్పింది. ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ఆయన వెళ్ళిపోయాడు. మేము బండి కట్టించాం.

స్టేషనులో హుసేన్‌బీ మా కోసం కాచుకొని ఉంది. రెండు మైళ్ళు నడిచి వచ్చింది. నన్ను పక్కకు పిలిచింది.

"అయ్యా, ఒక మాట చెప్పల్ల మీకు. తల రాక లాగినప్పుడు నా చేతికి ఒకటి తెలిసింది. సెనిక్కాయ వొలిస్తే టక్‌మంటాది సూడు, అట్ల. ఎవురికీ చెప్పల్యా. తల్లన్నా బతికితే సాలనుకుంటి. ఆస్పత్రిలో అడుగుతారు. చెప్పండి. నా పేరు కూడా చెప్పండి."

రైలు వచ్చింది. ఎక్కాం.

కడపలో పంతొమ్మిది రోజులు

ఆసుపత్రి వరండా పొడవుగా ఉండేది. ఒక చివర మందులిచ్చే కిటికీ, ఇంకో చివర నీళ్ళ తొట్టి. మధ్యలో గోడకు ఆనుకొని మనుషులు. ఎవరి పేరు పిలిచినా అందరూ లేచేవారు. మా వంతు వచ్చేదాకా నేను నేల మీది బండలు లెక్కపెట్టాను. బిడ్డ మూలగడం కూడా ఆపింది. ఊపిరి ఆడుతోందో లేదో అని రూతు మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మద్రాసులో చదివినావిడ. ముందు పొత్తికడుపు మీద అరచేయి ఆనించి మెల్లగా కిందికి నొక్కింది. నిలిచిపోయిన మూత్రమంతా వచ్చింది. కడుపు మెత్తబడింది. ఆ తర్వాత సూది తీసింది. నేను నా పుస్తకం విప్పి, గీస్తే కాళ్ళు కదులుతున్నాయని చెప్పాను. ఆవిడ చదివింది, తోసిపుచ్చలేదు. సూది మొన అరికాలికి తాకించింది. కాలు ముడుచుకుంది.

"చూశారా?" అన్నాను.

"మీరు కాలు చూశారు. నేను పాప ముఖం చూస్తున్నాను. మీరూ ముఖం చూడండి."

మళ్ళీ తాకించింది. కాలు ముడుచుకుంది. ముఖంలో ఏ కదలికా లేదు. పిక్క, మోకాలు, తొడ, కింది కడుపు. ఒక్కో జాగా తాకిస్తూ పైకి వచ్చింది. బొడ్డు దాటి రెండు వేళ్ళ పైన తాకించగానే కనుబొమలు ముడిచింది, పెదవి వణికింది, సన్నగా ఏడ్చింది. డాక్టరమ్మ అక్కడ నీలం పెన్సిలుతో చిన్న గీత గీసింది.

"ఇక్కణ్ణించి కింద ఏం జరిగినా పాపకు తెలియదు. ఆ కాలు దానంతటదే ముడుచుకుంటోంది. పాప ముడవడం లేదు."

హుసేన్‌బీ చెప్పిన మాట చెప్పాను. వెన్నెముక లోపలి నరం అప్పుడే సాగి దెబ్బతిన్నదని ఆవిడ అంది. ఆ మంత్రసాని లాగకపోతే తల్లీబిడ్డా ఇద్దరూ పోయేవారని కూడా అంది. ఆ మాట ఆమెకు చేర్చమని నాతో ప్రత్యేకంగా చెప్పింది. నేను తర్వాత చేర్చాను.

కాళ్ళు వస్తాయా అని అడిగాను. అది తర్వాత మాట, ముందు బతకాలి అంది. ఇటువంటి పిల్లలకు మూత్రం నిలిచి జ్వరం వస్తుందనీ, చాలామందిని ఆ జ్వరమే తీసుకుపోతుందనీ దాచకుండా చెప్పింది. రూతు వింటూ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. నాకు తెలిసిందే కదా ఇది అన్నట్టు నావైపు ఒకసారి చూసింది. నోరు తెరిచి అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

జ్వరం తగ్గలేదు. మేము వరండాలోనే చాప పరుచుకున్నాం. మా పక్కన కోడలి కోసం వచ్చిన ఖాదర్‌బీ అనే పెద్దావిడ ఉండేది. బిడ్డ తొడల కింద చర్మం ఎర్రబడటం చూసి, తన సంచిలోంచి పాత నూలు చీర తీసి, అడగకుండానే నాలుగు ముక్కలు చింపింది. కొత్త గుడ్డ గీసుకుంటుందనీ, పదేళ్ళు ఉతికిన గుడ్డే బిడ్డకు మేలనీ అంది. రోజూ వాటిని తనే ఉతికి తెచ్చేది. ఆమె కోడలికి బాగై వెళ్ళిపోయేటప్పుడు రెండో చీర కూడా ఇచ్చి వెళ్ళింది.

ఆరో రోజు మా అత్త వచ్చింది. పాదిరిగారిని పిలిపించి వెంటనే బాప్తిస్మం ఇప్పించాలని పట్టుబట్టింది. పేరు లేకుండా పోతే ఆ పాపం మనదే అంది. రూతు ఒప్పుకోలేదు.

"పూడ్చేదానికి పేరు పెడతావా అమ్మా? నా బిడ్డ గుడికొచ్చి పేరు పెట్టిచ్చుకుంటాది. అంతదాకా పాపా అని పిలుస్తా."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. తర్వాత నా వైపు తిరిగింది. నేను ఎవరి పక్షమూ చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ పొద్దునే నేను చేసిన పని ఒకటి ఉంది. డాక్టరమ్మ బిడ్డ పొడవు కొలిచి రాసుకోమంది. పంతొమ్మిదిన్నర అంగుళాలు. రాశాను. రాసి ఆగలేదు. దాని కిందే పెట్టెకు చెక్క ఎంత కావాలో లెక్క వేశాను. పొడవు, వెడల్పు, లోతు. మేకులు. ఏ వడ్రంగిని అడగాలో. చేయి తనంతట తాను రాసుకుంటూ పోయింది. మొత్తం ఆరు పంక్తులు.

ఆ మధ్యాహ్నం నేను మందుల కిటికీ దగ్గర నుంచి వచ్చేసరికి పుస్తకం రూతు ఒళ్ళో తెరిచి ఉంది. ఆమె చదువుకున్న మనిషి, చదివితే అర్థమవుతుంది. నేను నిలబడే ఉన్నాను. ఆమె పుస్తకం నా చేతికి ఇచ్చింది.

"సరే. అదీ రాసినారు. ఇంగ పేజీ తిప్పండి. పాలు ఎప్పుడు పట్టినామో, కడుపు ఎప్పుడు నొక్కినామో, ఎంత వచ్చిందో అది రాయండి. నాకు గుర్తుండల్యా, తల తిరుగుతాండాది."

పేజీ తిప్పాను. ఆ రోజు నుంచి మూడు గంటలకొకసారి రాశాను. బిడ్డ రొమ్ము గట్టిగా పట్టలేకపోతే ఆమె పాలు పిండి ఇచ్చింది, నేను దూది వత్తితో చుక్కచుక్కగా నోట్లో వేశాను. కడుపు నొక్కడం డాక్టరమ్మ మొదట రూతుకు నేర్పింది. నేనూ నేర్చుకుంటానన్నాను. మగవాళ్ళు అడగరే అంది. నా అరచేతి కింద ఆ చిన్న గట్టిదనం తగలడం, ఎంత నొక్కాలో తెలియకపోవడం నాకు ఇంకా గుర్తుంది.

పదకొండో రోజు పొద్దున రూతు నన్ను తట్టి లేపింది. బిడ్డ మెడ కింద చేయి పెట్టమంది. చెమట. చల్లని చెమట. నేను ముక్కు దగ్గర వేలు పెట్టాను. భయం ఎంత అలవాటైందంటే, చల్లగా తగిలితే నాకు ఇంకో అర్థమే తోచింది. రూతు నా వేలు తీసి పక్కన పెట్టింది. బిడ్డ నోరు తెరిచి రొమ్ము వెతుక్కుంటోంది.

ఆ తర్వాత

పంతొమ్మిది రోజులకు ఇంటికి వచ్చాక కూడా భయం పోలేదు, మాతో పాటే వచ్చింది. ఏడాదిలో జ్వరం నాలుగుసార్లు వచ్చింది, రెండో ఏడు రెండుసార్లు. వచ్చిన ప్రతిసారీ ఆ వరండా కళ్ళముందు నిలబడేది. కాళ్ళు రాలేదు. డాక్టరమ్మ గీసిన గీత కొంచెం కిందికి దిగింది, బొడ్డు దాకా. అంతే. అంతకంటే వస్తుందని ఎవరైనా నూనె, తాయెత్తు, వాత చెప్తే వినకండి. మేము నూనె వరకు విన్నాం.

మీ బిడ్డ ఇలా ఉంటే మూడు సంగతులు. కాలు కదిలిందా అని చూడకండి, ముఖం చూడండి. నీళ్ళు ముందు మీ మోచేతి మీద పోసుకోండి. కడుపు గట్టిపడితే తెల్లారేదాకా ఆగకండి. నాలుగోది కూడా ఉంది. తల్లి ఏదైనా చెప్తే, చేతిలో ఉన్న కాగితం పక్కన పెట్టి వినండి.

తొమ్మిదో నెలలో రాయచోటి గుడిలో పేరు పెట్టించాం. దీవెనమ్మ. రూతు బిడ్డను ఎత్తుకొని తనే ముందుకు నడిచి వెళ్ళింది. హుసేన్‌బీ కూడా వచ్చి చివరి వరసలో కూర్చుంది.

ఇప్పుడు దీవెనకు నాలుగేళ్ళు. చేతుల మీద పాకుతుంది. కాళ్ళు వెనక ఈడ్చుకొస్తాయి, రాసుకుపోకుండా వాటికి తోలు తొడుగులు కుట్టించాం. మొన్న బుధవారం పొద్దున నేను పనికి బయలుదేరబోతూ చూస్తే చాప మీద లేదు. గదిలో లేదు. పెరట్లో లేదు. రూతు పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. బావికి పలకల మూత ఉంది, అయినా ఇద్దరం దాని దగ్గరికే పరుగెత్తాం. ఎవరూ గొంతు ఎత్తలేదు. పిలిస్తే జవాబు రాకపోతే అన్న భయం.

వీధిలో, నాలుగిళ్ళ అవతల, నూనె గానుగ అరుగు కింద కూర్చొని ఉంది. మోచేతులు దుమ్ము కొట్టుకుపోయాయి. గానుగ ఎద్దుకు తెలగపిండి ముక్క చూపిస్తూ ఏదో తగాదా పెట్టుకుంటోంది.

"యాడికి పోయినావే?" అంది రూతు.

"పనుండి వచ్చినా," అంది దీవెన, మావైపు తిరగకుండానే.

మా గడప అడుగు ఎత్తు. దాన్ని ఎలా దిగిందో మాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం నేను గడపకు అడ్డంగా బిగించడానికి ఒక పలక కోయించుకొచ్చాను. వీధిలో బండ్లు తిరుగుతాయి, ఎద్దులు ఉంటాయి. రూతు పలకను చూసింది, నన్ను చూసింది. ఈమారు తలకిందులుగా దిగితే మెడ విరుగుతాది, దిగడానికి దోవ చెయ్యండి అంది.

పలక తిరిగి ఇచ్చేశాను. ఎర్రగుంట్ల నుంచి నున్నటి బండలు రెండు తెప్పించి, గడపకు బయటివైపు ఒకటి, లోపలివైపు ఒకటి ఏటవాలుగా వేయించాను. అడుగు పొడవుకు అంగుళం వాలు సరిపోతుందని లెక్క వేశాను, అంత పొడవు మా వాకిట్లో లేదు. రెండంగుళాలు వేయాల్సి వచ్చింది. సున్నం ఆరేదాకా రెండు రోజులు దాని మీదికి పోవద్దని దీవెనకు చెప్పాం. రెండో రోజు పొద్దున చూస్తే, తడి సున్నం మీద అయిదేసి వేళ్ళ గుర్తులు, మధ్యలో ఈడ్చుకుపోయిన రెండు గీతలు. నేను తాపీ తీసుకొని దాన్ని సరిచేయబోయాను. రూతు వద్దంది. నేనూ చేయలేదు.